సలోమమ్మ ఇంటి నీళ్ళు

ఆ నీళ్ళ సీసాను చూస్తే కుముదినికి ఒళ్ళు మండేది.

లీటరున్నర పట్టే స్టీలు సీసా. దానికొక నీలం తాడు. ఇంగ్రిడ్ దాన్ని భుజానికి అడ్డంగా తగిలించుకుని చెన్నైలోని మాధవరం బస్టాండులో షేర్ ఆటో కోసం నిలబడితే, రోగులను చూడ్డానికి పోతోందా, ఎడారి దాటడానికి పోతోందా అని అనుమానం వచ్చేది. నార్వే నుంచి వచ్చిన నర్సు ఆమె. రెండేళ్ళు మిషన్ సేవ చేస్తానని ప్రభువుకు మాటిచ్చి వచ్చిందట. ప్రభువు అడిగాడో లేదో కుముదినికి తెలియదు. మనలి దగ్గరి కాలనీలో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

కుముదినిది పురసవాక్కంలో నాలుగు తరాలుగా వేళ్ళూనిన తెలుగు కుటుంబం. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, మిషన్ వాళ్ళకు దుబాసీ కావాలంటే సరేనంది. వారానికి రెండు పగళ్ళు. ఇంగ్రిడ్ ఇంగ్లీషును కాలనీ వాళ్ళకు తెలుగులో చెప్పాలి, వాళ్ళ తెలుగును ఇంగ్రిడ్‌కు ఇంగ్లీషులో చెప్పాలి. నెల తిరిగేసరికి ఆమెకు రెండు పక్షాల మీదా సమానంగా చులకన కుదిరింది.

కాలనీ వాళ్ళు పట్నం వీధులు ఊడ్చడానికి తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళ సంతతి. ప్రతి ఆదివారం చర్చికి పోతారు, ప్రతి సోమవారం చీపురు పడతారు. వాళ్ళ ఇళ్ళల్లో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు లోటాతో నీళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఇంగ్రిడ్ ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతుంది. తర్వాత తన సీసా మూత తిప్పి తన నీళ్ళు తాను తాగుతుంది.

"మేము ఇవ్వడానికి వచ్చాం కుముదినీ, తీసుకోవడానికి కాదు," అని ఒకసారి ఆటోలో వివరించింది. "పేదవాళ్ళ మీద గుక్కెడు నీళ్ళ భారం కూడా వేయకూడదు. అది మా నియమం."

కుముదిని పైకి తల ఊపింది. లోపల మాత్రం, చెప్పేవన్నీ శ్రీరంగనీతులే అనుకుంది. కడుపు చెడుతుందని భయం. దానికి దేవుడి పేరొకటి!

కుముదిని సంగతి వేరు. ఆమెకు గొంతు సుకుమారం, కాచి చల్లార్చిన నీళ్ళయితేనే పడతాయి. అందుకని హ్యాండ్‌బ్యాగులో చిన్న ఫ్లాస్కు ఉంటుంది. లోటా ముందుకు వస్తే, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అంటుంది. అంత మర్యాదగా అంటే ఎవరికైనా ఏం కష్టం ఉంటుంది?

కష్టమంతా సలోమమ్మతోనే వచ్చింది.

సలోమమ్మ కార్పొరేషన్‌లో ఊడ్చి ఊడ్చి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. షుగరు. మొదటి వారం చీర అంచు తొలగినప్పుడు కుడికాలి బొటనవేలు ఒక్కసారి కనబడింది, కాలిన వంకాయ రంగులో. ఇంగ్రిడ్ ముఖం పాలిపోయింది. నెల లోపల పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుందని చెప్పమంది. కుముదిని చెప్పింది. సలోమమ్మ అంచు సర్దుకుని, "నా కాలు బాగానే ఉండాది," అంది. కోడలు ఇంద్రజ లోటాతో నీళ్ళు తెచ్చింది. ఒకరు గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు, ఒకరు ఇప్పుడే తాగొచ్చానన్నారు. లోటా లోపలికి పోయింది.

ఇలా నాలుగుసార్లు జరిగింది. కనీసం కట్టు కట్టనిమ్మన్నా కట్టనివ్వలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనని కుముదిని తేల్చేసింది. కాలు పోతే పోతుంది, ఆ మొండితనానికి అదే మందు అని కూడా అనుకుంది. అనుకున్నందుకు ఆమెకేమీ సిగ్గు వేయలేదు.

అయిదోసారి ఇంగ్రిడ్ కొత్త ఉపాయంతో వచ్చింది. చంకలో ప్లాస్టిక్ బేసిను, సంచిలో తెల్ల తువ్వాలు. వెంట ఫోటో తీయడానికి ఫోను పట్టుకుని పాస్టర్ ఆనందన్. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు తానూ కడుగుతానంది. వినయం చూస్తే మనసు కరుగుతుందని ఆమె నమ్మకం. నేల మీద మోకాళ్ళూని బేసినులో నీళ్ళు పోసింది. పోసింది తన సీసాలోని నీళ్ళే! ఫోటో ఇంగ్రిడ్ ఊరి చర్చికి పోతుందని కుముదినికి తెలుసు. నవ్వు ఆపుకోవడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

సలోమమ్మ కాలు వెనక్కి లాక్కుంది. గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఏం టీచరమ్మా, ఈ దొరసానికి నా కాలు కావల్నా? నా లోటా వద్దు, నా కాలు మాత్రం కావల్నా?" అంది. గొంతు పెరిగింది. "మా అమ్మ కాలంలో ఊళ్ళో వాళ్ళు అట్నే ఉండారు. మా చేత పని జేయించుకుంటారు, మా ఇంట నీళ్ళు ముట్టరు. ఈడికొచ్చి యేసును నమ్ముకున్నాక అది పోయిందనుకున్నాం. ఇప్పుడు ఆయన పేరు జెప్పుకోనే వచ్చి అదే పని జేస్తా ఉండాది. దానికి పేరొకటి ఉండాది గదా? ఆ పేరేందో ఈమెకు జెప్పు. నీకు బాగా తెలుసు."

ఆనందన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతనికి అరవం తప్ప రాదు, అయినా ఆ గొంతు అర్థమైంది.

"ఏమంటోంది?" అంది ఇంగ్రిడ్.

"అలసిపోయిందట. తర్వాత రమ్మంటోంది," అంది కుముదిని.

ఇంగ్రిడ్ పిచ్చిది కాదు. ఆటోలో కూర్చున్నాక, "అంత పెద్ద మాటకు అంత చిన్న ఇంగ్లీషా?" అంది. కుముదిని బయటికి చూసింది. మనలి రిఫైనరీ పొగగొట్టం మీద మంట అలాగే మండుతోంది. తర్వాత ఆమెకు ఉత్సాహం వచ్చింది. ఈ దొరసాని పొగరు దించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అంతా చెప్పింది. ఈ దేశంలో ఒక ఇంటి నీళ్ళు తాగకపోవడానికి అర్థమేమిటో, ఆ అర్థం ఎన్ని వందల ఏళ్ళదో, పాఠం చెప్పినట్టు ఉదాహరణలతో సహా చెప్పింది. చివరి మాట ఒక్కటి, 'నీకు బాగా తెలుసు' అన్నది, వదిలేసింది. అది అనవసరం.

ఇంగ్రిడ్ మెడ దాకా ఎర్రబడింది. ఏడ్చింది. షేర్ ఆటోలో పక్కవాళ్ళంతా చూస్తుండగా ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. "నాకెవరూ చెప్పలేదు," అంది. ముక్కు తుడుచుకుని, "నేనూ ఎవరినీ అడగలేదు," అంది. కుముదినికి పండగలా ఉంది.

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. కుముదినికి తెలియకేం, తెలుసు. చూసుకోవడం ఇష్టం లేదు, అంతే.

మర్నాడే ఇంగ్రిడ్ కుముదినిని వెంటబెట్టుకుని మళ్ళీ బయలుదేరింది. సీసా లేదు, బేసిను లేదు, పాస్టరూ లేడు. సంచిలో గాజుగుడ్డ, మందు, చేతి తొడుగులు. దారంతా ఒకే వాక్యం వల్లె వేసింది. సలోమమ్మ గుమ్మంలో నిలబడి, నత్తి నత్తిగా, తెలుగులో అంది: "అమ్మా, దాహంగా ఉంది. నీళ్ళు ఇవ్వండి."

సలోమమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇంద్రజా," అని పిలిచింది.

పచ్చ ప్లాస్టిక్ బిందెలోంచి ముంచిన లోటా వచ్చింది. ఇంగ్రిడ్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంచుకు పెదాలు ఆనించి, చివరి చుక్క దాకా తాగింది. రేపు దీని కడుపు ఏమవుతుందో అని కుముదిని ముచ్చటపడుతూ ఉండగానే, సలోమమ్మ చాప మీద కూర్చుని, చీర అంచు తొలగించి, కాలు ముందుకు చాపింది.

"చూడమను," అంది.

ఇంగ్రిడ్ చూసింది. వేలు పోతుంది, కాలు దక్కవచ్చు, ఈరోజే పోవాలి అంది. కుముదిని చెప్పింది. "సరి, పోదాం పా," అంది సలోమమ్మ. ఇన్ని వారాల రభస ఇంతలో తేలిపోయింది.

ఇంద్రజ రెండో లోటా తెచ్చింది. కుముదిని నోరు తెరిచేలోపే సలోమమ్మ చెయ్యి ఊపింది.

"టీచరమ్మకు వద్దులే. ఆమె ఇప్పుడే తాగొచ్చింటాది. బ్యాగులో గూడా పెట్టుకోనుంటాది."

ఆ మాటలో కోపం లేదు. కుముదినికి తెలిసిన గొంతే అది. పనికిరాని పిల్లలను చివరి బెంచీకి పంపేటప్పుడు తాను వాడే గొంతు. ముఖం మీద ఉమ్మేసినా అంత అవమానంగా ఉండేది కాదు. లోటా వెనక్కి తిరిగిపోతోంది.

"ఇయ్యి," అంది కుముదిని. "నాకూ దాహంగానే ఉంది."

లోటా అందుకుంది. అలవాటు ఊరుకోదు కదా! తల వెనక్కి వాల్చి, లోటా పైకెత్తి, పెదవి తగలకుండా పోసుకుంది. గురి తప్పింది. నీళ్ళు ముక్కులోకి పోయి పొలమారింది. జరీ అంచు చీర తడిసింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దగ్గు ఆగలేదు.

ఒక కాలు ఇంగ్రిడ్ చేతుల్లో ఉండగానే సలోమమ్మ ముందుకు వంగి కుముదిని నడినెత్తిన అరచేత్తో తట్టింది. ఒకసారి, రెండుసార్లు. వీధులూడ్చి గట్టిపడిన చెయ్యి. పురసవాక్కం ఇంట్లో నాలుగు తరాలుగా అలాంటి చెయ్యి ఎవరి తలనూ తాకలేదు.

"నిదానం, నిదానం. ఎవరో తలుచుకుంటా ఉండారు," అంది సలోమమ్మ. "మూతి ఆనించి తాగు టీచరమ్మా. మా లోటా నిన్ను ఏం జెయ్యదు. జేసేదుంటే నన్ను ఎప్పుడో జేసుండును."

కుముదిని మూతి ఆనించి తాగింది. తన ఇంట్లో వచ్చే మెట్రో నీళ్ళే, అదే క్లోరిన్ వాసన.

"ఏమంటోంది?" అంది ఇంగ్రిడ్, గాజుగుడ్డ చుడుతూ తలెత్తకుండానే.

కుముదిని పైటతో ముఖం తుడుచుకుంది. ఈసారి ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది. నిన్న ఆటోలో వదిలేసినది కూడా కలిపి.