రెండు వీధుల అవతలికి ఉత్తరాలు

చెల్లెలు పోయిందని ఫోను వచ్చేసరికి దర్జీ అక్క చేతిలో ఎవరిదో చొక్కా ఉంది. కాలరు పూర్తిగా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచింది. ఏడుపు రాలేదు. అంతా అయిపోయాక కూడా రాలేదు. గుండె రాయి చేసుకుందని చూసినవాళ్లు అన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. తిమ్మిరెక్కిన కాలి మీద నిలబడినట్టుంది, అంతే.

అక్కాచెల్లెళ్లకు మాటల్లేవని అందరికీ తెలుసు. తల్లి పోయాక ఆమె కుట్టుమిషనును చెల్లెలు ఎవరినీ అడక్కుండా అమ్మేసింది. అక్క ఆ మిషను మీదే పని నేర్చుకుంది. చెల్లెలి గుమ్మంలో నిలబడి, ఇక జన్మలో నీతో మాట్లాడనని చెప్పి వచ్చేసింది. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది: "మాట్లాడనన్నావు. రాయనని అనలేదుగా? పిల్లాడికి జ్వరం తగ్గింది. నువ్వు తింటున్నావా?"

అక్క జవాబు రాసింది. అలా ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఇళ్ల మధ్య దూరం రెండు వీధులు. ఎదురుపడితే మాత్రం మొహాలు తిప్పుకునేవాళ్లు. ఈపాటి దూరానికి స్టాంపు దండగ, నా చేతికివ్వండి అని పోస్టుమాన్ నవ్వేవాడు. స్టాంపు లేకపోతే అది మాట్లాడినట్టే అవుతుందని అక్క ఒప్పుకునేది కాదు.

చెల్లెలి రాత చీమల బారులా ఉండేది. చోటు చాలకపోతే అంచుల వెంట రాసుకుంటూ పోయేది. చదవాలంటే కాగితాన్ని గుండ్రంగా తిప్పాల్సిందే. సంతోషంగా ఉంటే కొమ్ములు పక్క అక్షరం దాకా సాగేవి, కోపం వస్తే తలకట్లు ఎగిరిపోయేవి. అక్క తన ఉత్తరం మూలన అప్పుడు కుడుతున్న గుడ్డ ముక్కను గుండుసూదితో గుచ్చేది. కొళాయిలో నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎవరి పిల్ల ఉద్యోగంలో చేరింది, పొడుగు చేతులు పోయి పొట్టి చేతులు ఎప్పుడు మొదలయ్యాయి, అన్నీ ఆ ఉత్తరాల్లోనే.

మామూలు మనుషుల ఉత్తరాలతో మ్యూజియంలో ఒక గది పెడుతున్నారని, ఇద్దరివీ అడుగుతున్నారని మరిది, చెల్లెలి భర్త, వచ్చి చెప్పాడు. అక్క సరేనంది. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరేననేది.

ఇద్దరూ కలిసి వెళ్లారు. పొడుగాటి బల్ల మీద ఉత్తరం, పక్కనే దాని జవాబు, మళ్లీ ఉత్తరం. అవి అలా ఒకచోట చేరడం అదే మొదటిసారి. అక్క వాటిని బట్టల దుకాణంలో థాన్లు చూసినట్టు చూసుకుంటూ నడిచింది. వచ్చినవాళ్లు వినడానికి వీటిని చదివించి రికార్డు చేస్తామని అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది. అక్కవి అక్కే చదవాలట. చెల్లెలి గొంతు ఎలా ఉండేదో చెబితే, దానికి దగ్గరగా ఉన్న గొంతును వెతుకుతారట.

అక్క ఆలోచించింది. అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. గొంతు రాలేదు.

"గుర్తు లేదమ్మా," అంది.

కిటికీ దగ్గర నిలబడ్డ మరిది ఇటు తిరిగాడు. "వేరే ఎవరూ వద్దు వదినా. మీ గొంతే."

"నా గొంతా?"

"పొద్దున మీరు గుమ్మంలోంచి పిలిచారు కదా. నేను వంటింటి వైపు చూశాను."

అక్క వెళ్లి మైకు ముందు కూర్చుని కళ్లజోడు పెట్టుకుంది. అమ్మాయి చెల్లెలి ఉత్తరాల్లోంచి చేతికందిన కాగితం ఇచ్చింది. "పన్ను పీకించుకున్నాను. రెండు రోజులు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో వీళ్ల సంబరం చూడాలి నువ్వు. ఆయనైతే ఇంకో పన్ను కూడా చూపించుకోమంటున్నాడు."

అమ్మాయికి నవ్వాగలేదు. మరిది నవ్వలేదు. కుర్చీని గోడవైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెవులకు పెట్టినవాటిలో అక్కకు తన గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించింది. అప్పుడు కూడా కన్నీళ్లు రాలేదు. చివరిదాకా తడబడకుండా చదివింది.

అలసిపోయారు, ఇవాళ్టికి చాలని అమ్మాయి అంది. అక్క మరిది వీపు వైపు చూసింది.

"ఆయన్ని లేపకు. ఇంకోటి చదువుతాను," అని చెయ్యి చాపింది.