కనుమ మీద బేరం

మా వైపు బంగాళాదుంపల బేరం అంగట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. ఆదివారం పొద్దున లాస్ అనిమాస్ కనుమకు సైకిళ్ల మీద ఎక్కుతూ, అదీ చర్చి దాటాక వచ్చే నిటారు దారిలో తేల్చుకోవాలి. పైన పాకలో వేడి బెల్లం పానకం తాగేటప్పుడు ధర మాటెత్తడం మర్యాద కాదు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో గానీ ఇందులో ఒక లాభముంది. ఆ ఎత్తులో ఊపిరి ఖరీదైన సరుకు, దాన్ని అబద్ధాలకు ఎవరూ ఖర్చు పెట్టరు. నష్టమూ ఉంది. ఊపిరి లేనివాడు కాదనలేడు.

నేను కుస్తోదియో రతీవాను. బొయకా కొండల్లో దుంపలు కొని రాజధాని హోటళ్లకు పంపడం నా వ్యాపారం. నా సరుకులో పేరున్నది ఒక్కటే, అనతోలియో సెలీగారి ఎత్తు చేలో పండే చిన్న పసుపు దుంపలు. అవి వేసి కాచిన కోడి పులుసు చిక్కబడే తీరే వేరని హోటళ్లవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. మిగతా దుంపలు వాటి వెనకాలే అమ్ముడుపోతాయి. ఆ చేను చేతిలో ఉన్నంతకాలం నేను వ్యాపారిని. చెయ్యి దాటితే, సంతలో బస్తాల పక్కన నిలబడి అరిచేవాళ్లలో ఒకణ్ణి.

కిందటేడు ఆ నిటారు దారిలో అనతోలియోగారు ధర చెప్పినప్పుడు నాకు ఊపిరి అందలేదు. బేరమాడటానికి నాలుగు మాటలు కావాలి, ఒప్పుకోవడానికి ఒకటి చాలు. ఆ ఒకటే అనగలిగాను. తర్వాతి పంటకు ఆయన పక్కన ఉండనే లేకపోయాను. ఆయన వెనక చక్రం మలుపు తిరిగి మాయమైంది. పంటను విల్మర్ పట్టుకుపోయాడు. విల్మర్ దిగువ ఊరి వ్యాపారి, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, పెళ్లాం మొహం కన్నా సైకిల్ గొలుసునే ఎక్కువసార్లు చూసుకునే మనిషి. ఆ రోజు పాక దగ్గర నా చేతికి గ్లాసు అందించాడు.

"తాగండి కుస్తోదియోగారూ. తమరు వచ్చేసరికి చల్లారితే మళ్లీ కాయించాను."

మావాళ్లు దెప్పేటప్పుడు కూడా తమరు అనే అంటారు. అది ఇంకా లోతుగా దిగుతుంది.

ఇంకొక్క పంట పోతే హోటళ్లవాళ్లు విల్మర్ గుమ్మం కనుక్కుంటారు. కోతకు ఆరేడు నెలలుంది. ఈ కొండల్లో ఎవడైనా వేసే లెక్కే నేనూ వేశాను. ఎక్కేవాడు తేలిగ్గా ఉండాలి. మా దగ్గర కొండలు గెలిచినవాళ్లంతా గాలికి ఎగిరిపోయేలా ఉండే మనుషులే. తొడలున్నవాడు కనిపిస్తే మైదానం వాడనుకుంటాం. అందుకని రాత్రి మొక్కజొన్న రొట్టె మానేశాను. సైకిల్‌కు గంట తీసేశాను, నీళ్ల సీసా తగిలించే చట్రం ఊడదీశాను, జేబులో తాళాలు ఇంట్లో వదిలాను. మనిషిని చిక్కిపోయాను గానీ ఎక్కడం ఇంకా నెమ్మదించింది. ఒక ఆదివారం చర్చి దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టేసింది. పానకం క్యాన్లు మోసుకొచ్చే వ్యానులో ఆ క్యాన్ల మధ్య కూర్చుని పైకి చేరాను. మా గుంపులో వ్యానెక్కినవాడితో ఎవరూ పరాచికాలాడరు. విల్మర్ కూడా ఆడలేదు. దెప్పినా బాగుండేది.

ఇంటి దగ్గర నా భార్య నూబియా నడుముకు కాపడం పెడుతుంటే ఆమె చెల్లెలు యమీలె వచ్చింది. వయసులో ఉన్నప్పుడు సైకిల్ ట్రాక్ మీద తక్కువ దూరం పందేలు తొక్కిన మనిషి. ఇప్పుడు సంత వెనక పాత ధాన్యం గోదాములో జిమ్ నడుపుతోంది. అక్కడికి హమాలీలు, నర్సులు, పోలీసులు వెళ్తారు. కొండలెక్కేవాళ్లం ఆ గుమ్మం తొక్కం.

"సీసా చట్రం కూడా పీకేశారట కదా బావగారూ," అంది. "మంచి పనే. దాహంతో పోయినా తేలిగ్గా పోతారు."

"వెక్కిరించడానికొచ్చావా?"

"సరుకు చూసి పోదామని వచ్చాను. తమరి లారీ ఎత్తు ఎక్కకపోతే ఇంజను చూపిస్తారా, తలుపులు పీకేస్తారా?"

నూబియా నవ్వు ఆపుకోలేక కాపడం గుడ్డ జారవిడిచింది. కండ అంటే బరువు, ఆ బరువును కొండ మీదికి మోసేదెవరని నేను వాదించాను. ఆ కండే మోస్తుందని, మిగతా నన్ను కూడా మోస్తుందని యమీలె జవాబు. ఆమె చెప్పిన ఏర్పాటు ఇది. వారంలో రెండు రోజులు జిమ్, మూడు రోజులు మైదానం దారిలో సైకిల్, ఆదివారం కొండ. మైదానంలో మాత్రం పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగానే తొక్కాలి. బలం గోదాములో, ఊపిరి దారిలో విడివిడిగా కూడబెట్టుకోవాలి. ఆ రెంటినీ ఒక్క ఆదివారం కొండ మీదే సంపాదించాలనుకోవడం మా మగాళ్ల పొరపాటట. నాకు అర్థమైందని కాదు. ముందు పెట్టుబడి పెట్టి, తర్వాత లాభం తీసుకునే పద్ధతిలా వినిపించింది. ఆ భాష నాకు తెలుసు కాబట్టి ఒప్పుకున్నాను.

మొదటిరోజు వట్టి ఇనప కడ్డీ భుజాల మీద పెట్టి గుంజీలు తీయించింది. పక్కన ఒక నర్సు, కడ్డీకి రెండు వైపులా బరువు బిళ్లలు తగిలించుకుని, నన్ను చూసి జాలిగా పక్కకు జరిగి చోటిచ్చింది. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు వెనక్కి తిరిగి దిగాను. మైదానం దారి ఇంకా అవమానం. పాలవాడు క్యాన్లు కట్టుకున్న సైకిల్ మీద నన్ను దాటిపోతూ, పంచరైందా అని మర్యాదగా అడిగేవాడు. కాలేదని చెబితే ఇంకా మర్యాదగా చూసేవాడు.

రెండు నెలలయ్యాక ప్యాంటు తొడల దగ్గర బిగిసింది. కొట్లో బస్తాలు తూచే కాటా మీద ఎవరూ లేనప్పుడు నిలబడి చూసుకున్నాను. పెరిగాను. ఆ వారం జిమ్ మానేద్దామనుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే లారీ దిగిన సరుకు సర్దుతుంటే, పైవరసకు బస్తా ఎత్తి పెట్టాక గుర్తొచ్చింది, బరువెత్తేటప్పుడు ఎప్పుడూ కట్టుకునే నడుం పట్టీ కట్టుకోలేదని. ఎప్పుడు మానేశానో కూడా తెలియదు. ఆ సాయంత్రం వెళ్లి కడ్డీకి ఇంకో బిళ్ల తగిలించమన్నాను. రాత్రి రొట్టె కూడా మళ్లీ మొదలుపెట్టాను. యమీలె తినమన్నది, నూబియా ఒకటి ఎక్కువే వేసింది.

ఆదివారాలు చర్చి దాకా గుంపు మధ్యలోనే ఉండేవాణ్ణి. దుంపలు అమ్ముతున్నారా, తింటున్నారా అని విల్మర్ అడిగేవాడు. అనతోలియోగారు మాత్రం ఏమీ అనరు, తన పెడల్ వైపే చూస్తారు. అరవై ఏడేళ్ల మనిషి, తీగలా ఉంటారు. ఆయన వెనకబడటం మేమెవరం చూడలేదు.

కోతకు ముందు ఆదివారం సన్నటి జల్లు పడుతోంది. చర్చి దగ్గరికి మేం ముగ్గురం కలిసే వచ్చాం. విల్మర్ ఒక్కసారి లేచి నిలబడి తొక్కాడు. నన్ను విదిలించుకుని అనతోలియోగారిని తన పక్కకు తీసుకుపోవాలని అతని ఎత్తు. ఆయన అతని వెనకే వెళ్లారు. నేను వెళ్లలేదు. అదే గేరులో, అదే తొక్కుడులో ఉండిపోయాను. ఇదీ యమీలె నేర్పిందే.

రెండు మలుపులు తిరిగేసరికి అనతోలియోగారు మళ్లీ నా ముందు కనిపించారు. అంటే ఆయన వెనకబడుతున్నారు. మొహం బూడిద రంగులో ఉంది. వారమంతా దగ్గుతో మంచం దిగలేదని తర్వాత తెలిసింది. విల్మర్ వెనక్కి చూడకుండా పైకి పోయాడు.

"ఈసారి చేను..." అని మొదలుపెట్టి ఆయన ఆగిపోయారు. తర్వాతి మాటకు గాలి లేదు.

నాకుంది. నేను ఏ ధర చెప్పినా ఆయన ఒక్క మాటే అనగలరు, కిందటేడు నేనన్న మాటే. పద్ధతి ప్రకారం అది చెల్లుతుంది. ఆయన నాతో చేసిందీ అదే. ధర నోటిదాకా వచ్చింది. అంతలో కింద మలుపులో వ్యాను హారన్ వినిపించింది. ఆయనా విన్నారు. హ్యాండిల్ మీద ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. వ్యానెక్కాక వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆ దారిలో నాకే తెలుసు.

నాకున్న ఊపిరి బేరానికి సరిపోతుంది, లేదా తొయ్యడానికి సరిపోతుంది. రెంటికీ చాలదు. ఆయన వీపు మీద చెయ్యి పెట్టాను.

ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఇంకో మనిషిని కొండ ఎక్కించడం బస్తా ఎత్తడం లాంటిది కాదు. బస్తాను దించెయ్యొచ్చు. తొడలు మండాయి గానీ ఆగలేదు. నడుం గోడలా నిలబడింది. పైదాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పాకలో విల్మర్ రెండో గ్లాసులో ఉన్నాడు. అనతోలియోగారు బెంచీ మీద కూలబడి, మా వైపు పానకంలో వేసుకునే చీజ్ ముక్కలు కరిగేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. విల్మర్ ఉండబట్టలేక మర్యాద తప్పాడు. దారిలో ఎవరైనా మాట్లాడారా అని అడిగాడు.

"చేను కుస్తోదియోది," అన్నారు ఆయన.

"ఎంతకి?"

"అది వచ్చే ఆదివారం. ఇవాళ మా ఇద్దరికీ నోట మాట లేదు."

"ధర లేకుండా బేరమేమిటండీ?"

"తమరు ముందు వెళ్లిపోయారు. ఉండుంటే చూసేవారు."

దిగేటప్పుడు ఆయన నా పక్కకు వచ్చి, చెయ్యి అంత గట్టిగా ఎక్కడ తయారైందని అడిగారు. గోదాము సంగతి చెప్పాను. ఊఁ అన్నారంతే.

మంగళవారం నేను జిమ్‌కు వెళ్లేసరికి ఆయన ఉన్నారు. ఉన్ని కంబళి మడిచి బల్ల మీద పెట్టి, టోపీ మేకుకు తగిలించి, వట్టి కడ్డీ భుజాల మీద పెట్టుకుని నిలబడ్డారు. నర్సు పక్కకు జరిగి చోటిచ్చింది. నాకు సంతోషం కన్నా ముందు ఒక లెక్క తోచింది. వచ్చే పంటకు ఈయనకు బలమూ ఉంటుంది, ఊపిరీ ఉంటుంది. తేరగా దొరికే ధర ఇక ఉండదు.

మూడో గుంజీకి ఆయన కింద ఇరుక్కుపోయారు. నేను వెనక్కి వెళ్లి వీపు మీద చెయ్యి పెట్టబోయాను.

"తియ్యండి," అన్నారు పళ్లు బిగించి. "ఆదివారం దీనికి కూడా ధర తగ్గించమంటారు."

చెయ్యి తీశాను. చాలాసేపు పట్టింది గానీ ఆయనే లేచారు.