స్తెపాస్ వాళ్ళమ్మ ఈస్టు

గంగాళంలో బార్లీ రసాన్ని ఆఖరిసారి కలియతిప్పి, చెక్క గరిటె అంచుకు నాలిక ఆనించి, "ఊఁ" అన్నాడు స్తెపాస్. తియ్యగా, చిక్కగా, కాస్త పొగ వాసనతో కుదిరింది. ఆదివారం మనవరాలి బాప్తిస్మం. రసం చల్లారాక ఈస్టు కలిపితే బీరు సంగతి అయిపోయినట్టే.

ఆ ఈస్టు వాళ్ళమ్మది. పీపా అడుగున మిగిలిన మడ్డిని అవిసె నార గుడ్డకు దట్టంగా పట్టించి, ఆరబెట్టి, అటక మీద మేకుకు తగిలించేవాడు. మళ్ళీ కాచినప్పుడు ఆ గుడ్డను రసంలో ముంచితే చాలు, ఈస్టు నిద్ర లేచేది. ఒక ఏడు దాని పొంగుకు పీపా మూత ఎగిరి పక్కూరి చర్చి గంటకు తగిలిందనీ, జనం పరుగున ప్రార్థనకు వచ్చేశారనీ స్తెపాస్ చెప్పేవాడు. గంట మోగిన మాట మాత్రం నిజం.

అటకెక్కాడు. మేకుంది. గుడ్డ లేదు.

"వైదా! ఇక్కడ గుడ్డ ఉండాలే?"

కోడలు వైదా కౌనాస్ పట్నం పిల్ల. బిడ్డను చంకనేసుకుని వచ్చి, అల్మారాలోంచి తళతళలాడే తెల్లగుడ్డ తీసింది. నాలుగు మడతలు, కత్తిలాంటి అంచులు.

"ఎంత కంపు మావయ్యా! సోడా వేసి ఉడకబెట్టినా ఓ పట్టాన వదల్లేదు. ఆదివారం రొట్టె మీద కప్పుదామని ఇస్త్రీ కూడా చేశా."

స్తెపాస్ గుడ్డ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగా తెల్లబడిందమ్మా," అని గుడ్డను జేబులో కుక్కుకుని, పళ్ళు నూరుకుంటూ ట్రాక్టరెక్కాడు.

పాల క్యాన్లు ఎత్తీ ఎత్తీ అతని కుడి భుజం జానెడు కిందికి జారిపోయింది. ఊరికే నిలబడ్డా ఏదో మోస్తున్నట్టే ఉంటాడు. రోజూ ఇంటింటి గేటు దగ్గరా క్యాను ఎత్తడం, ఖాళీది దించడం, డెయిరీకి పోవడం. అతని గురించి ఊళ్ళో ఎవరూ అంతకు మించి మాట్లాడుకోరు.

సాయంత్రంలోగా ఈస్టు పడకపోతే రసం పులిసి పాడవుతుంది. కొట్లో పొట్లం ఈస్టు దొరుకుతుంది, కానీ దాంతో కాస్తే అమ్మ సమాధిలోంచి లేచొచ్చి పీపాను తన్నేస్తుంది. అయినా బెంగెందుకు? ఊరందరికీ పంచింది తనేగా.

"మాది పోయిన చలికాలమే చచ్చింది," అంది మొదటి గేటు దగ్గర ఎల్జె. "నీ దగ్గరుంటుంది కదాని ఊరుకున్నా."

"పందులకి పోశాం," అన్నాడు రెండో ఇంటి ఆసామి. "రెండ్రోజులు గురకలే గురకలు! నీ దగ్గర లేకపోవడమేంటి, వేళాకోళమా?"

ఆ తర్వాతి గేట్ల దగ్గరా అదే పాట. ఊరంతా తనమీద భరోసా పెట్టుకుంది. తను ఒక మేకు మీద పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది బలీస్. ఒక్క ఆవు, ఒక్క క్యాను, అదీ సగం. అతన్ని అడగడం కన్నా ఆవును అడగడం నయం. ఏటా ఈస్టు పోగొట్టుకుని, "రేపొచ్చేప్పుడు కాస్త పట్రారా" అనేవాడు. ఒకసారి పిల్లి తాగేసిందన్నాడు. ఇంకోసారి పిడుగుకు హడలి చచ్చిందన్నాడు. మరోసారి నక్క సీసాతో సహా ఎత్తుకుపోయి, మంచు మీద కూచుని పాటలు పాడిందన్నాడు.

బలీస్ గేటు పక్క బెంచీ మీద ఉన్నాడు. చిక్కి, పెద్ద టోపీ కింద పిట్టలా ఉన్నాడు. స్తెపాస్ జేబులోంచి గుడ్డ తీసి చూపించాడు.

బలీస్ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఇస్త్రీ కూడానా! ఓ కాలరు కుట్టించకపోయావా!"

"నవ్వు, నవ్వు. నీదెటూ నక్కే తాగుంటుంది."

"ఆ ఏతం దించరా."

బావిలోంచి తాడు చివర ఓ సీసా పైకొచ్చింది. మూత తిప్పగానే బుస్సుమంది. స్తెపాస్ వాసన చూశాడు. అమ్మ వంటకొంగు.

"ఇది... బతికే ఉందా?"

"దానికేం రోగం? ఏ ఏడూ చావలేదు."

"మరి ఏటా నా ప్రాణాలు తోడి తెప్పించుకున్నావేంట్రా, దరిద్రుడా!"

బలీస్ టోపీ సర్దుకున్నాడు. "క్యాను ఎత్తుతావు, పోతావు. ఇంజనైనా ఆపవు. ఈస్టు తెచ్చిన రోజు మాత్రం కూచునేవాడివి, తిట్టడానికైనా."

గేటు అవతల ట్రాక్టరు గుడగుడలాడుతోంది. స్తెపాస్ దానివంక చూసి, వెళ్ళి ఆపాడు. పాలు విరిగిపోతాయిరా అని గొణుగుతూనే వచ్చి కూచున్నాడు. ఇద్దరూ నల్లరొట్టె, జున్ను తిన్నారు. లేచేటప్పుడు "నీ మేలు..." అనబోయాడు.

"నోర్ముయ్! ఈస్టుకు మేలూ గీలూ అంటే పొంగదు. ఖాళీ సీసా తేకు, కొత్త మడ్డి నింపి తే. అప్పుడూ కూచోవాలి."

సాయంత్రం కలిపాడు. తెల్లారేసరికి నురగ పీపా దాటి, గడప దాటి, పిల్లిని తరుముతోంది. "మావయ్యా, అది పాకుతోంది!" అని వైదా కేక. బాప్తిస్మం ఘనంగా జరిగింది. బలీస్ మాత్రం రాలేదు. వస్తానంటూ రాకపోవడం వాడికి మామూలేనని స్తెపాస్ విసుక్కున్నాడు.

సోమవారం బలీస్ గేటు దగ్గర క్యాను లేదు. లోపల ఆవు అరుస్తోంది. స్తెపాస్ ముందు ఇంజన్ ఆపాడు. బలీస్ బెంచీ మీదే, టోపీ మోకాలి మీద పెట్టుకుని, దారివైపు ముఖం పెట్టి, చల్లబడి ఉన్నాడు.

"ఒక్కరోజు ఆగలేకపోయావా," అంటూ పక్కన కూచున్నాడు స్తెపాస్. జేబులో సీసా నిండుగా ఉంది.

మిగిలిన బీరు చావు భోజనానికి సరిపోయింది. అందరూ బాగుందన్నారు. ఆవును ఎల్జె తోలుకుపోయింది, ఇంటికి తాళం పడింది. జనం చెదిరిపోయాక స్తెపాస్ గేటు తోసుకుని బావి దగ్గరికి వెళ్ళాడు. "ఎవడికివ్వాలో చెప్పి చావచ్చుగా," అని గొణుక్కుంటూ, సీసాకు తాడు కట్టి, ఏతం వంచాడు.

బావి లోపలి చలిలో, నీళ్ళకు కాస్త పైన, మూతికి ఇస్త్రీ గీతలు ఇంకా పోని తెల్లగుడ్డ కట్టుకుని, సీసా మెల్లగా తిరుగుతోంది.