ఎర్రగీత ఉన్నచోటు

"ఏసీ గదిలో కూర్చుని మీటలు నొక్కొచ్చేదానికి నడుంనొప్పేంటే తల్లీ, చోద్యం కాకపోతే!" అంది అత్త నాగమల్లేశ్వరి. సూర్యకుమారి అప్పటికి పీట మీద కూర్చుని చేపలకి పొలుసు తీస్తోంది. పులుసు దించి, పిల్లకి జడలేసి, మొగుడికి క్యారేజీ కట్టి, అడుగున మిగిలింది తనకి సర్దుకుని, చింతపండుతో చేతులు రుద్దుకుని షేరాటో ఎక్కేసరికే సగం ప్రాణం పోయింది. వెంకటస్వామి మోటారుసైకిలు మీద ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇద్దరిదీ బందరులో ఒకే ఫ్యాక్టరీ. అయినా చేపల కంపుతో పెళ్లాం వెనక కూర్చుంటే నలుగురూ నవ్వుతారట!

అతను మెషీను మీద వంపు తిరిగిన ఇనుప ముక్కలు కోస్తాడు. డిప్లొమా చదివిన ఆమె వాటిని కొలుస్తుంది. కొలిచే యంత్రానికున్న చిన్న ఎర్రరాతి గుండు వంపు పొడుగునా తాకుతూ పోతుంది. కంప్యూటర్లో డ్రాయింగు వంపు పచ్చగీత, ముక్క అసలు వంపు ఎర్రగీత. రెండూ మరీ ఎడమైతే ముక్క పనికిరాదు.

పోయిన నెల అలాగే ఎడమయ్యాయి. "బెస్ట్‌ఫిట్ కొట్టవే" అన్నాడు వెంకటస్వామి. అది కొడితే ఎర్రగీతని అటూ ఇటూ జరిపి, తిప్పి, పచ్చగీత మీద కుదిరినట్టు చూపిస్తుంది. ఆ ముక్కకి అలా జరపకూడదు, బోల్టులు బిగించే రంధ్రాల దగ్గర్నుంచే కొలవాలి. తెలిసీ కొట్టింది, ఇంట్లో గొడవెందుకని. కొన్నవాళ్ల దగ్గర్నుంచి సరుకంతా తిరిగొచ్చింది. "ఆడవాళ్ల ధ్యాసంతా వంటింట్లోనే కదా!" అన్నాడు మేనేజరు సుందరరాజు అందరి ముందూ. పక్కనే నిలబడ్డ మొగుడు తన బూట్ల వంక చూసుకున్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానందట వెనకటికొకావిడ. సూర్యకుమారి ఏడ్చింది మొగుడు నోరు మెదపనందుకు. "నీకైతే మాటతో పోయింది, నాకైతే ఉద్యోగమే పోయేది. మనసులో పెట్టుకోక కాస్త మజ్జిగ పొయ్యి" అన్నాడా రాత్రి. పోసింది.

ఇవాళ మళ్లీ అదే వంపు, అదే తేడా. మళ్లీ అతనే తలుపు దగ్గర. "ఈ ఒక్కసారికీ..." అన్నాడు.

అలవాటుగా బెస్ట్‌ఫిట్ కొట్టేసింది. గీతలు రెండూ ముచ్చటగా కలిసిపోయాయి. చూస్తూ ఉండిపోయింది. గుడివాడలో పాఠాలు చెప్పే ఉద్యోగం అత్తకి మోకాళ్ల నొప్పులని వదులుకుంది. నవ్వు తగ్గించుకుంది. ఆకలి వాయిదా వేసుకుంది. ఎంత చక్కగా ఇమిడిపోయిందమ్మా ఈ పిల్ల అన్నారు ఊరంతా. తేడా ఎక్కడికి పోయిందీ? పోలేదు, తన ఒంట్లోకే నొప్పిగా సర్దుకుంది, అంతే. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొట్టిందాన్ని తీసేసింది. ఎర్రగీత విడిపోయి తన చోటికి వచ్చింది.

"నా ఉద్యోగం పోతుందే!"

"నా మాట పోయినప్పుడు నువ్వక్కడే ఉన్నావు బావా."

రిజెక్ట్ అని రాసి సంతకం పెట్టింది.

"ఇంటికెలా వస్తావో చూస్తాను" అన్నాడు పళ్ల బిగువున.

"షేరాటోలో" అంది సూర్యకుమారి. "రోజూ వచ్చేది దాంట్లోనేగా."