నేను కుట్టిన కల

అమ్మ పోయిన నాలుగో నెలలో నా చేతికి కత్తెర లొంగడం మానేసింది. ఇరవై ఆరేళ్లుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని. బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర ఆనించేసరికి వేళ్లు వణికేవి. నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, నరాలు భేషుగ్గా ఉన్నాయన్నాడు. చెల్లెలు ఊరుకోకుండా నన్ను మనసు డాక్టరమ్మ దగ్గరికి తోలింది.

ఆ గదిలో పొడుగాటి సోఫా ఒకటి ఉండేది. నన్ను దానిమీద పడుకోబెట్టి ఆవిడ నా తల వెనక కుర్చీలో కూర్చునేది. ముఖం కనిపించని మనిషితో ఏం మాట్లాడతాం, నా మొహం! పైగా మొదటిరోజే, "కలలేమైనా వస్తే చెప్పండి" అంది. నాకా, దిండుమీద తల పెడితే తెల్లారడమే. ఐదు వారాలు వట్టి చేతులతో వెళ్లాను. ఆరో వారం సిగ్గేసింది. కొలతలు తీసుకున్నాక బట్టలివ్వకుండా తిప్పుకునే దర్జీలా ఉంది నా వరస. అందుకని బస్సులో కూర్చుని ఒక కల కల్పించేశాను.

"నా కొట్టు మూసుంది డాక్టరమ్మా. గుమ్మం ముందు ఒకావిడ సంచి పట్టుకుని నిలబడింది. అంతే, మెలకువ వచ్చేసింది" అన్నాను గడుసుగా.

ఆవిడ అర్థం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "సంచి అంటే మీకేం గుర్తొస్తుంది?" అని నన్నే అడిగింది.

"ఏముంటుందండీ, కుట్టడానికి తెచ్చిన బట్ట."

"ఎలాంటి బట్ట?"

ఇది నేను బస్సులో ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది చెప్పాను. "లేతాకుపచ్చది. తెల్ల చుక్కలు."

ఆ మాట అన్నాకే గుర్తొచ్చింది. ఆ బట్ట నా కొట్లోనే, మిషను కింది అరలో ఉంది. 'చేతులు వాచాయే, పాత రవికలు పట్టడం లేదు. ఇది కాస్త వదులుగా కుట్టిపెట్టు' అని అమ్మ ఇచ్చింది. 'రేపు కుడతాలేమ్మా' అన్నాను. బయటివాళ్ల పనంతా అయ్యాకే ఇంటివాళ్లది ముట్టుకోవడం మా దర్జీలకు అలవాటు. ఆ రేపు పదకొండు రోజులైనా రాలేదు. పన్నెండో రోజుకి అమ్మ లేదు.

ఇన్ని నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చాను.

తేరుకున్నాక నా తప్పు ఒప్పేసుకున్నాను. "అది నిజం కల కాదండీ. వట్టి చేతులతో రాలేక కల్పించాను."

తల వెనక చిన్న నవ్వు వినిపించింది. "కల్పించింది మీరే కదా. ఆ గుమ్మం ముందున్నావిడ చేతిలో సంచి పెట్టిందెవరు మరి?"

తిన్నగా కొట్టుకెళ్లి ఆ బట్ట తీశాను. అమ్మ కొలతలు నా పుస్తకంలో లేవు, ఎప్పుడూ కంటి కొలతే. కళ్లు మూసుకుని ఆ వాచిన చేతిని గుర్తు చేసుకున్నాను. రవిక చేతుల చుట్టుకొలతకు రెండు వేళ్ల వదులు వేసుకుని కత్తెర ఆనించాను. వేళ్లు వణికాయి. వణుకుతూనే కత్తిరించాను.

సాయంత్రం చెల్లెలు వచ్చి చూసింది. "ఇంత వదులుగా ఎవరికక్కా?"

"అమ్మకే. ఆలస్యమైపోయిందే."

సూదిలో దారం ఎక్కించడం కూడా రానిది అది. నా పక్కన కూర్చుని, గుండీలు తను కుడతానంది. అన్నీ వంకరగానే కుట్టింది. నేను ఒక్కటీ విప్పలేదు.