పద్నాలుగో నంబరు ముద్ర

నలభై ఒకటో బుష్‌ని కమాలుద్దీన్ చిటికెనవేలికి ఉంగరంలా తొడిగి వెలుతురు వైపు తిప్పాడు. కుడికంటికి భూతద్దం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎడమకన్ను మూసి మూసి ఆ వైపు చెంపంతా ముడతలు పడింది. కుడి చెంప మాత్రం ఇంకా పెళ్లికొడుకుదేనని భార్య రహీమా వెక్కిరిస్తుంది.

పొద్దున్నే మొఘల్‌పురాలో బయల్దేరి జల్‌పల్లిలోని ఈ రేకుల షెడ్డుకు రావడం, బయట పూత వేయించుకుని వచ్చిన, విమానం చక్రాల తలుపులకు వేసే ఉక్కు బుష్‌లు చూడటం, బాగుంటే కాగితం మీద పద్నాలుగో నంబరు ఇత్తడి ముద్ర కొట్టడం. అతని బతుకంతా ఇంతే. కొట్టిన ముద్రను వెనక్కి తీసుకున్న రోజు ఒక్కటీ లేదు.

బుష్ లోపలి అంచున నెలవంక లాంటి చిన్న గీత కనబడింది. పూత తొట్టిలో వేలాడదీసినప్పుడు కొక్కెం తగిలిన చోటు. అక్కడ గుర్తు ఉండటం తప్పు కాదు. కానీ ఆ గుర్తు అతనికి తెలుసు.

నీలకంఠ కోటింగ్స్ కొక్కెం కొన వంకర. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. కానీ ఈ బుష్‌లు వచ్చిన డబ్బా నీలకంఠది కాదు. వజ్ర ఫినిషర్స్ అనే కొత్త కంపెనీది. మూడు వారాల కిందట వాళ్ల మొదటి సరుకు పాస్ చేసింది తనే.

ఫోన్ మోగింది. కంపెనీల విలీనాలను పరిశీలించే కమిషన్‌లో ఎకనమిస్ట్, కీర్తిప్రియ. ఢిల్లీ నుంచి.

"కమాలుద్దీన్ గారూ, మేం పంపిన ప్రశ్నలకు మీ కంపెనీ జవాబివ్వడానికి ఇవాళే ఆఖరు. దాని మీద పడాల్సింది మీ ముద్రే. ఊళ్లో ఈ పూత వేసేవాళ్లు ఇద్దరే, నీలకంఠ, సూర్యా. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకటవుతామంటున్నారు. రేపు రేటు నూటికి ఐదు పెంచితే మీరు ఎవరి దగ్గరికి పోతారు? అందరూ వజ్ర అని రాస్తున్నారు. ఆ మూడో కంపెనీ నిజంగా ఉంటే విలీనాన్ని ఆపలేం. మా లెక్కంతా ఆ ఒక్క పేరు మీదే నిలబడింది."

"మూడు గంటలాగండి మేడం. చూసి చెప్త."

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పకుండానే స్కూటరెక్కాడు. వజ్ర చిరునామా మలక్‌పేటలో. మెరిసే బోర్డు, సగం దించిన షట్టర్. కమాలుద్దీన్ గాలి పీల్చాడు. యాసిడ్ వాసన లేదు. మురుగు మోరీలోకి లోపలి నుంచి ఒక్క పైపూ రాలేదు.

ఎదురుగా లీలమ్మ చాయ్ బండి.

"అక్కా, లోపల మిషిన్ల చప్పుడు గిట్ల ఇనబడ్తదా?"

"ఏం మిషిన్లు భాయ్! పొద్దుగాల డబ్బాలు దిగుతయి. స్టిక్కర్లు పీకి వేరేయి అంటిస్తరు. మళ్లా ఆటో ఎక్కిస్తరు. పెండ్లిపిల్లకు చీర మార్చినట్టు." గ్లాసు ముందుకు తోసి అతని మొహంలోకి చూసింది. "గట్ల చూస్తవేంది, దొంగ దొరికినట్టు?"

డబ్బా మార్చారు. స్టిక్కర్ మార్చారు. కొక్కెం మార్చడం మరిచిపోయారు.

తిరిగొచ్చేసరికి యజమాని మనీష్ జవాబు కాగితం ముందు పెట్టుకుని అతని బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"యాడికి పోయినవ్ కమాల్ భాయ్? ముద్ర కొట్టు. క్వాలిటీ ముద్ర లేకుంటే ఢిల్లీవాళ్లు నమ్మరు."

"వజ్ర దగ్గర తొట్టే లేదు సాబ్. నీలకంఠోళ్ల మాలే చుట్టు తిరిగొస్తుంది."

మనీష్ ఉలిక్కిపడలేదు. లేచి తలుపు మూశాడు. అప్పుడర్థమైంది కమాలుద్దీన్‌కు. సేఠ్‌కు ముందే తెలుసు.

"ఆ పేరు రాయకుంటే రేపట్నుంచి మన మాల్ ముట్టనే ముట్టం అన్నరు నీలకంఠోళ్లు. నలభై మంది ఉన్నరు భాయ్. నన్నేం చెయ్యమంటవ్?"

"రాస్తే ఇంక వాళ్లు చెప్పిందే రేటు. గప్పుడు గా నలభై మంది ఏం తినాలె?"

"మస్తు చెప్తున్నవ్! వజ్రను పాస్ చేసిందెవరు? నువ్వే కదా. నీ ముద్రే ఉన్నది."

"అవ్. తప్పు చేసిన."

"కొట్టకుంటే రేపు రాకు."

కమాలుద్దీన్ పెన్ను తీశాడు. ఈ పనిలో తప్పును చెరపకూడదు. కిందిది చదవగలిగేలా ఒకే గీత గీసి, పక్కన ముద్ర కొట్టాలి. ముందు వజ్ర సరుకు పాస్ చేసిన మూడు వారాల నాటి కాగితం తీసి, తన ముద్ర మీదే గీత గీశాడు. తర్వాత జవాబు కాగితంలో వజ్ర పేరు మీద. పక్కన రాశాడు: 'తొట్టి లేదు. చూసి వచ్చాను.' ముద్ర కొట్టి, రెండు కాగితాలనూ ఫోన్‌లో ఫొటో తీసి కీర్తిప్రియకు పంపాడు. మనీష్ చెయ్యి ఫోన్ దాకా వచ్చి ఆగిపోయింది.

నిమిషంలో జవాబొచ్చింది. 'అందింది. మూడో పేరు పక్కన పెట్టాం. తనిఖీకి వస్తున్నాం.'

ముద్ర కంపెనీ సొత్తు, వదిలి పోవాల్సిందే. రేపు దీంతో ఇంకో దొంగ కాగితం పుట్టదని నమ్మకమేంది? కమాలుద్దీన్ సొరుగులోంచి ఆకురాయి తీసి, ఇత్తడి మీద ఒక్కసారి బలంగా లాగాడు. పొడి ఊదేశాడు. విప్పని టిఫిన్ డబ్బా సంచీలో వేసుకున్నాడు.

"ఖుదా హాఫిజ్, సాబ్."

స్కూటర్ చప్పుడు గేటు దాటింది. బల్ల మీద ముద్ర వెల్లకిలా పడి ఉంది. పద్నాలుగు అంకె మీద అడ్డంగా ఒకే ఒక్క గీత. కిందిది ఇంకా చదవొచ్చు.