మేయరుగారి ప్రతిపక్షం

కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కుని ఆ వీధిలో అందరూ మేయరుగారనే పిలుస్తారు. ఆయన మేయరయింది ఎన్నడూ లేదు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు, ప్రతిసారీ డిపాజిట్టు పోగొట్టుకున్నాడు, మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి, ఏమీ జరగనట్టు మిషన్లలో ఇరుక్కున్న దారాలు లాగుతూ కూర్చున్నాడు. అసలు మేయర్లు వచ్చారు, పోయారు. వాళ్ళెవరో ఎవరికీ గుర్తులేదు. పిలుపు మాత్రం ఈయనకి స్థిరపడిపోయింది.

ఇదంతా ఒక బెంచీతో మొదలైంది. వీధి మలుపులో బస్సు ఆగేచోట నగరపాలక సంస్థ వాళ్ళు సిమెంటు బెంచీ వేశారు. వేసిన మేస్త్రీ ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ, దాన్ని రోడ్డు వైపు కాక గోడ వైపు తిప్పి బిగించి పోయాడు. కూర్చున్నవాళ్ళకి గోడ కనిపిస్తుంది, బస్సు కనిపించదు. చప్పుడు విని మెడ తిప్పేలోపు బస్సు కదిలిపోతుంది. మెకానిక్కు ఆఫీసుకి వెళ్ళి అడిగాడు. గుమాస్తా కళ్ళజోడు మీదుగా చూసి, "ఆ బెంచీ తిరగాలంటే మేయరుగారి సంతకం కావాలండీ" అన్నాడు. ఎన్నిసార్లు వెళ్ళినా మేయరుగారు దొరకలేదు.

"దొరకని మేయరు కోసం కాళ్ళరిగేలా తిరగడమెందుకండీ, మీరే అయిపోతే పోలా?" అన్నది భార్య, తల ఎత్తకుండా మిషను తొక్కుతూ.

ఆవిడ వేళాకోళానికే అన్నది. ఈయన వెళ్ళి నామినేషను వేసి వచ్చాడు.

మొదటి సభ ఆ బెంచీ దగ్గరే పెట్టాడు. కొట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని, గోడకి వీపు ఆనించి, బెంచీకి ఎదురుగా దాని మీద నిలబడ్డాడు. బస్సు కోసం కూర్చున్న ఇద్దరు విన్నారు. చూడ్డానికి ఇంకేమీ లేక విన్నారు. బస్సు రాగానే ప్రజాస్వామ్యం కూడా ఎక్కి వెళ్ళిపోయింది.

"మీరు మరీ మర్యాదగా మాట్లాడుతున్నారండీ," అన్నది భార్య ఆ రాత్రి, అన్నం వడ్డిస్తూ. "మంచి మాటలకి ఎవరాగుతారు? తగాదా అయితే ఆగుతారు."

మర్నాడు సాయంత్రం ఆయన ఇంకా గొంతు సవరించుకుంటుండగానే పక్క వీధిలోంచి ఒకావిడ వచ్చింది. ఎండ లేదు, వాన లేదు, చేతిలో గొడుగుంది. ముఖానికి నల్లకళ్ళజోడు. బెంచీ వెనక నిలబడి గొడుగు పైకెత్తి, "ఏమయ్యోయ్!" అని కేక వేసింది. ఆయన పీట మీంచి పడబోయి గోడ పట్టుకున్నాడు. ఇంట్లో 'ఏమండీ' తప్ప మాట రాని మనిషి!

అప్పటినుంచీ అది ఒక ఏర్పాటయింది. ఎన్నికల రోజుల్లో ప్రతి సాయంత్రం ఆవిడ ఊరూ పేరూ లేని కోపిష్టి మనిషిగా వచ్చేది. 'నువ్వు' అనేది, 'నీ మొహం' అనేది, సంవత్సరాల తరబడి దాచుకున్న బాకీలన్నీ వసూలు చేసుకునేది. జనం ఆగేవాళ్ళు. ప్రశ్నలు చాలానే ఉన్నా, మూడు మాత్రం తప్పేవి కావు.

మొదటిది, "నీ గుర్తేంటో నీకైనా తెలుసా?" ఆయన ప్రతిసారీ కుట్టుమిషను గుర్తు కోరుకునేవాడు. వాళ్ళు ప్రతిసారీ ఇంకేదో ఇచ్చేవాళ్ళు. ఒకసారి బకెట్టు ఇచ్చారు, తర్వాతిసారి ఈల. బకెట్టుకి అలవాటుపడ్డ ఆయన అభిమానులు ఈలని పట్టించుకోకుండా మళ్ళీ బకెట్టుకే వేశారు. ఆ బకెట్టు అప్పటికి వేరే అభ్యర్థిది.

రెండోది, "ఈ బెంచీ తిప్పేస్తే నీ మీటింగుకి మేమెక్కడ కూర్చోవాలి?" దానికి ఆయన, "నేను గెలిస్తే మీకు మీటింగులే ఉండవమ్మా. అది నా రెండో వాగ్దానం" అనేవాడు.

మూడోది ఆఖరున వచ్చేది. "ఇంత గొప్పోడివి కదా, మీ ఇంటావిడ నీకు ఓటేస్తుందా?"

"రహస్య ఓటమ్మా. అడిగి చూశాను. చెప్పదు."

జనం పగలబడి నవ్వేవాళ్ళు. అదొక్కటీ నాటకం కాదు. ఆవిడ నిజంగానే ఎప్పుడూ చెప్పలేదు. "మీరు మీకు వేసుకున్నారా?" అని ఎదురడిగేది. ఆయన వేసుకునేవాడు కాడు. తన ఓటు తానే వేసుకోవడం, తన వంట తానే మెచ్చుకోవడంలా ఉంటుందని ఆయన పట్టింపు.

పోయిన ఏడాది ఆవిడ చనిపోయింది. కొట్టు వెనక గదిలో ఆవిడ మిషను అలాగే ఉంది. కుట్టేవాళ్ళు లేకపోయినా ఆయన దానికి నూనె వేస్తూనే ఉన్నాడు.

మళ్ళీ ఎన్నిక వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన నామినేషను వేశాడు. ఈసారి అడిగిన కుట్టుమిషను గుర్తే ఇస్తామన్నారు. ఆ మాట ఇంట్లో చెబుదామని వచ్చి, గుమ్మంలో కాసేపు అలాగే నిలబడిపోయాడు.

మందుల షాపులో పనిచేసే కూతురు అది చూసింది. "విరమించుకో నాన్నా. ఇంకా గడువుంది. ఆ పీటెక్కి, మధ్యలో మాట రాక నిలబడిపోతే నేను చూడలేను."

"నాకూ అదే భయంగా ఉందే," అన్నాడాయన. "అడిగేవాళ్ళు లేకుండా నేనెప్పుడూ మాట్లాడలేదు."

"పోనీ నేను అడగనా?"

వంటింట్లో రిహార్సల్ పెట్టుకున్నారు. ఆయన వాగ్దానాలు మొదలుపెట్టాడు. కూతురు గరిటె ఎత్తి, "మరి నాన్నా, బెంచీ తిప్పేస్తే..." అన్నది.

"నాన్నా అంటే ప్రతిపక్షం ఎలా అవుతావే?"

"ఏమయ్యా..." అని, ఆయన ముఖం చూసి గరిటె దించేసింది.

"నీవల్ల కాదు. నీకు జాలెక్కువ. మీ అమ్మకి ఆ జబ్బు లేదు." గరిటె అందుకుని పక్కన పెట్టి అన్నాడు, "ఒక్క మీటింగు పెడతాను. నిలబడగలిగితే నిలబడతాను. లేకపోతే రేపే వెళ్ళి విరమించుకుంటాను."

ఆ సాయంత్రం పీట వేసుకుని ఎక్కాడు. బెంచీ నిండా జనం, వెనక ఇంకొందరు. కూతురు మంచినీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడింది. "ఈసారి నా గుర్తు..." అని, అలవాటు కొద్దీ ఆగాడు. కేక రావలసిన చోటు అది. రాలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన గోడకి ఇంకాస్త ఆనుకున్నాడు. కూతురు సీసా మూత తిప్పడం మొదలుపెట్టింది.

"ఏమయ్యోయ్!"

ఆ వీధిలోని గుండీల కొట్టావిడ. చీర చెంగు నడుముకి బిగించి మరీ లేచింది. "నీ గుర్తేంటో నీకైనా తెలుసా?"

ఆ ప్రశ్న అక్షరం పొల్లుపోలేదు. చివర్లో ఎత్తుకునే దీర్ఘం కూడా తన భార్యదే.

"కుట్టు... కుట్టుమిషను."

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి!" అన్నాడు బెంచీ మీద కూర్చున్న రిటైరైన బస్సు కండక్టరు. "సరే గానీ, ఈ బెంచీ తిప్పేస్తే నీ మీటింగుకి మేమెక్కడ కూర్చోవాలయ్యా?"

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అన్నాడు మెకానిక్కు, తను అభ్యర్థినన్న సంగతే మరిచిపోయి.

"ఏళ్ళ తరబడి వింటున్నాం, ఆమాత్రం రాదా?"

"అది కాదండీ. ఆవిడెవరో మీకు..."

గుండీల కొట్టావిడ నోరు నొక్కుకుంది. "తెలీకపోవడమేంటి మేయరుగారూ? ఇదిగో, పక్కనున్న మా ఆయన చొక్కా కుట్టిందావిడే. ఆ చొక్కా వేసుకునే ఈయన ఆవిడ తిట్లు వినడానికొచ్చేవాడు. కొలతలు తీసే మనిషి, గొడుగు పట్టుకుంటే గుర్తుపట్టమా?"

"మొదటిరోజే తెలిసింది," అన్నాడు కండక్టరు. "చెబితే మానేస్తారని ఊరుకున్నాం. ఈ వీధికి ఇంకో వినోదమేముంది?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, చెవులదాకా ఎర్రబడి. వీధి వీధంతా కుట్టించుకునే మనిషిని ఒక నల్లకళ్ళజోడు దాచేస్తుందని ఇద్దరూ ఎంత నమ్మకంగా ఉన్నారు! ఇంటికెళ్ళి తలుపేసుకుని, ఎవరూ పట్టలేదని ఎన్నిసార్లు మురిసిపోయారు!

ఆ ఊపులో గుండీల కొట్టావిడ భర్త కూడా అందుకున్నాడు. "ఇంత గొప్పోడివి కదా, మీ ఇంటావిడ నీకు ఓటేస్తుందా?"

అన్నాక తెలిసింది అతనికి, ఏమడిగాడో. గుండీల కొట్టావిడ మోచేత్తో ఒక్కటి పొడిచింది. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కూతురు ఒక అడుగు ముందుకి వేసింది. మెకానిక్కు చెయ్యి చూపి ఆమెని ఆపాడు.

"అడగనీ. న్యాయమైన ప్రశ్నే." గొంతు సవరించుకున్నాడు. "ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. ఇంక చెప్పదు. వేసేదో లేదో నాకు తెలియని ఆ ఒక్క ఓటు ఈసారి తగ్గింది. దాన్ని మీలో ఎవరైనా పూడ్చండి. ఎవరు పూడ్చారో మాత్రం నాకు చెప్పొద్దు. ఆవిడ పద్ధతది."

"ఒక్కటి చాలా మేయరుగారూ?" అన్నాడు కండక్టరు, ఈసారి నెమ్మదిగా.

"చాలు. ఎక్కువైతే గెలిచి కూర్చుంటాను. అప్పుడు మీ మిషన్లెవరు బాగుచేస్తారు?"

మర్నాడు విరమించుకోవడానికి ఆయన వెళ్ళలేదు.

పోలింగు రోజున ఓటింగు మిషను ముందు చాలాసేపు నిలబడ్డాడు. తన ఓటు తానే వేసుకోకూడదన్న పట్టింపు ఒకపక్క. ఈ ఓటు తనది కాదు, ఆవిడదనుకుంటే సరిపోతుందన్న ఆలోచన ఇంకోపక్క. ఆవిడదే అనుకుంటే, ఆవిడ ఎవరికి వేసేది? అసలు చిక్కు అక్కడుంది. "మేయరుగారూ, లోపల కునుకు తీశారా?" అని బయటినుంచి అధికారి అడిగాడు. ఆయన ఏదో ఒక మీట నొక్కి, వేలి మీద సిరా చుక్క చూసుకుంటూ బయటికి వచ్చాడు.

ఎప్పటిలాగే డిపాజిట్టు పోయింది. మర్నాటినుంచి కొట్టుకి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సూది కొనే నెపంతో వచ్చినవాళ్ళు కొందరు, ఏ నెపమూ లేనివాళ్ళు కొందరు. చెప్పొద్దన్నది అందరూ చెప్పారు. "ఆ ఒక్క ఓటు నాదేనండీ." గెలిచిన పార్టీ తరఫున వీధంతా తిరిగిన కార్యకర్త కూడా అటూ ఇటూ చూసి అదే మాట చెవిలో వేసి పోయాడు. వాళ్ళంతా నిజమే చెప్పి ఉంటే ఆయన ఈపాటికి మేయరు కుర్చీలో ఉండాలి.

ఒక సాయంత్రం తండ్రీకూతుళ్ళు బస్సు కోసం ఆ బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా గోడ. ఇన్నేళ్ళూ ఆయన వీపు ఆనిన చోట మిషను నూనె మరక ఉంది.

"నిజం చెప్పు నాన్నా. నీకు నువ్వు వేసుకున్నావా?"

"నా ఓటు నేనెప్పుడూ వేసుకోను."

"మరి అమ్మది?"

"రహస్య ఓటే. నీకెందుకు చెబుతాను?"

వెనక బస్సు చప్పుడైంది. ఇద్దరూ మెడలు తిప్పారు. బస్సు అప్పటికే కదిలింది. కూతురు లేచి, ఆ పొగనీ, గోడనీ, తండ్రినీ చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమయ్యోయ్! వచ్చేసారైనా ఈ బెంచీ తిప్పేదుందా లేదా?"

ఆయన ఉలిక్కిపడి తలెత్తి చూశాడు.

"గొంతు ఇంకొంచెం పెంచాలి," అన్నాడు.